ఇంగ్లండు పల్లెల్లో పబ్బు, దాని నిర్వాహకులు

మధ్యయుగపు ఇంగ్లండు పల్లెల్లో మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీటిలో నానబెట్టి, పులియబెట్టి తయారుచేసే ఏల్ అనే పానీయాన్ని ఎక్కువగా స్త్రీలే ఇంటి అవసరానికి కాచుకొని, మిగిలినదాన్ని అమ్ముకొనేవారు. సరకు సిద్ధమైందని తెలియడానికి వాకిట ఒక కర్రకు ఆకుల గుత్తి కట్టి నిలిపేవారు. హాప్ పూలు కలిపిన, ఎక్కువకాలం నిలువ ఉండే బీరు వాడుకలోకి వచ్చి, దానికి పెద్ద పాత్రలూ పెట్టుబడీ అవసరమయ్యేసరికి వ్యాపారం క్రమంగా పురుషుల చేతికి పోయింది. పబ్బు చరిత్రలో ఆ తొలి స్త్రీలకు దక్కవలసినంత స్థానం దక్కలేదు.

1552 నాటి చట్టం ప్రకారం ఇద్దరు జస్టిస్ ఆఫ్ ది పీస్‌లు, అనగా స్థానిక ప్రముఖుల నుంచి నియమితులైన మేజిస్ట్రేట్లు, లైసెన్సు ఇస్తే తప్ప ఏల్ దుకాణం నడపరాదు, నడిపేవాడు సత్ప్రవర్తనకు పూచీకత్తు ఇవ్వాలి. 1830 నాటి బీరు చట్టం ఈ కట్టును సడలించి, పన్ను చెల్లించే ఏ గృహస్థుడైనా ఏడాదికి 2 గినీల రుసుముతో బీరు అమ్ముకోవచ్చునన్నది కాబట్టి ఎందరో సామాన్యులు తమ ఇంటి ముందుగదిలోనే పీపా పెట్టి దుకాణదారులయ్యారు. 1869లో అధికారం తిరిగి మేజిస్ట్రేట్లకే చేరింది.

నిర్వాహకుణ్ణి లాండ్‌లార్డ్ అని పిలిచినా, 19వ శతాబ్దం చివరికి చాలాచోట్ల అతడు బీరు కంపెనీకి కౌలుదారు మాత్రమే. ఆ కంపెనీ సరకే కొనాలన్న షరతుతో నడిచే ఇటువంటి పబ్బును టైడ్ హౌస్ అనేవారు. 2,000కు మించి పబ్బులున్న బీరు కంపెనీలపై 1989లో ప్రభుత్వం ఆంక్షలు విధించగా, వేలాది పబ్బులు కొత్తగా పుట్టిన పబ్బుల కంపెనీలకు చేరాయి. కౌలుదారు భారం మాత్రం తీరలేదు, ఇది అన్యాయమే. ఇందుకు భిన్నంగా, కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ గ్రామస్థులు 2003లో సహకార సంఘంగా ఏర్పడి తమ ఓల్డ్ క్రౌన్ పబ్బును తామే కొనుక్కున్నారు.