హార్మోనియం నాకు నచ్చదు

నాకు హార్మోనియం నచ్చదు. ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి నచ్చేస్తుందేమోనని ఎదురుచూడకండి. ఇప్పటికీ నచ్చదు. కాకపోతే ఎందుకు నచ్చదో ఒక పద్ధతిగా చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో తెలుసుకున్నది, నాకు నచ్చిన సంగీతం నేర్పినదానికంటే ఎక్కువే.

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి దగ్గర. మావయ్య బడిపంతులుగా చేస్తూనే, చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. వేసవి సెలవుల్లో నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. అర్ధరాత్రి దాటాక కృష్ణుడు ఒక పద్యం ఎత్తుకుని, చివరి మాట మీద రాగం లాగడం మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. అది ఆగగానే జనంలోంచి "వన్స్ మోర్" అని కేకలు. మళ్లీ అదే పద్యం. చాప మీద నిద్రకి తూగుతున్న నాకు ఆ హార్మోనియం చెవి పక్కనే ఎవరో తలుపు తీస్తూ మూస్తున్నట్టుండేది.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒకసారి ఉండబట్టలేక, "మావయ్యా, ఆ గోలని ఎలా భరిస్తావు నువ్వు?" అని అడిగేశాను. ఆయనకి కోపం రాలేదు. "గోల అన్నది తిట్టురా. కారణం చెప్పు, వింటా," అన్నాడు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నచ్చలేదంటే నచ్చలేదు, అంతే అన్నాను. "అయితే నువ్వింకా విన్లేదన్నమాట," అని నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ నవ్వు బాగా గుచ్చుకుంది. కారణాలు వెతుక్కుందామని చదవడం మొదలుపెట్టాను. నాకంటే ముందు, నాకంటే చాలా పెద్దవాళ్లు హార్మోనియాన్ని అసహ్యించుకున్నారని అప్పుడే తెలిసింది. ఆ అసహ్యం చివరికి ఒక ప్రభుత్వ ఉత్తర్వు అయింది. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో స్టూడియోల్లో హార్మోనియం వాయించకూడదు. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. ముప్పయ్యొక్క ఏళ్లు!

మొదట నాకు సంతోషమే వేసింది, నా పక్షాన ఒక ప్రభుత్వమే ఉందని.

హార్మోనియం పుట్టింది పారిస్‌లో. అలెగ్జాండర్ దెబెయిన్ అనే ఆయన 1840ల మొదట్లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అక్కడ దాన్ని కుర్చీలో కూర్చుని, కాళ్లతో గాలి తొక్కుతూ రెండు చేతులతో వాయించేవారు. మన దగ్గరకి వచ్చాక కాళ్లు ఊడిపోయి నేల మీదకు దిగింది. ఒక చెయ్యి తిత్తి మీద, ఒక చెయ్యి మెట్ల మీద. చేత్తో గాలి కొట్టే ఈ నమూనాకి కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ పెట్టిన ద్వార్కిన్ కంపెనీ పేరు చెబుతారు. పార్సీ, మరాఠీ నాటక రంగాలు దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. ధార్వాడ నాటక సమాజాలు 1880ల్లో తెలుగు ఊళ్లకు వచ్చాక మన నాటకాల్లోనూ పాటకీ పద్యానికీ గిరాకీ పెరిగింది. పాటా పద్యమూ ఉన్నచోటికల్లా క్రమంగా హార్మోనియమూ చేరింది. మైకులు లేని కాలంలో, వెనక వరసల దాకా శ్రుతి వినిపించాలంటే ఇంతకంటే చవకైన సాధనం మరొకటి లేదు.

దీన్ని ద్వేషించినవాళ్లలో ఆనంద కుమారస్వామి ఉన్నాడు, రవీంద్రనాథ్ టాగోర్ ఉన్నాడు. టాగోర్ 1940 జనవరిలో కలకత్తా రేడియో కేంద్రం డైరెక్టరుకి ఉత్తరం రాశాడు. మా ఆశ్రమంలో దీన్ని పూర్తిగా వెళ్లగొట్టాం, మీరు కూడా రేడియోలో మానిపిస్తే దేశ సంగీతానికి సేవ చేసినవారవుతారన్నది దాని సారాంశం. ఇవాళ ఏ బెంగాలీ ఇంట్లో రవీంద్ర సంగీతం నేర్పుతున్నా పిల్లల ముందు ఉండేది హార్మోనియమే. ఆయన వింటే ఏమనేవాడో!

అందరికంటే నన్ను ఆశ్చర్యపరిచింది జాన్ ఫౌల్డ్స్. ఇంగ్లీషు సంగీతకారుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం ఆయన కట్టిన పెద్ద కృతిని 1920ల్లో లండన్ ఆల్బర్ట్ హాల్లో కొన్నేళ్లపాటు వరసగా ప్రదర్శించారు. 1935లో ఇండియా వచ్చాడు. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగానికి పెద్ద అయ్యాడు. 1938లో రేడియో పత్రిక 'ఇండియన్ లిజనర్'లో హార్మోనియం మీద విరుచుకుపడుతూ ఒక వ్యాసం రాశాడు. దాని పేరు 'హార్మ్-ఓమ్నియం'. అందరికీ హాని అని అర్థం వచ్చేట్టు, పేరులోనే వెటకారం. మరుసటి ఏడు కలకత్తాలో కలరాతో చనిపోయాడు. తను గెలిచిన సంగతి చూడలేదు. అప్పటి రేడియో కంట్రోలర్ లయనెల్ ఫీల్డెన్ హయాంలో నిషేధం వచ్చింది. ఆయనా బిబిసి నుంచి వచ్చిన ఇంగ్లీషువాడే.

అంటే, పరాయి వాద్యం మన సంగీతాన్ని పాడుచేస్తోందని ఉత్తర్వు ఇచ్చినవాళ్లు పరాయివాళ్లు. దీన్ని పట్టుకుని నవ్వేయడం తేలిక. కానీ ఫౌల్డ్స్‌ని కొట్టిపారేయలేం. అర్ధస్వరానికి కూడా మధ్యన పడే స్వరాలతో చిన్నప్పట్నుంచీ ప్రయోగాలు చేసినవాడాయన. మన వాద్యాలతో ఢిల్లీలో ఒక ఆర్కెస్ట్రా నడిపాడు. ఆయన చెవికి హార్మోనియం ఎందుకు బాధ కలిగించిందో కాస్త ఓపిక పడితే మనమూ వినొచ్చు.

విషయం ఇది. హార్మోనియంలో ఒక స్థాయిని పన్నెండు సమాన ముక్కలు చేసి పన్నెండు మెట్లకు పంచేశారు. తంబురా మీటి చెవి పెట్టి వింటే అందులోంచి దానంతట అదే అంతర గాంధారం పలుకుతుంది. హార్మోనియం గాంధారం దానికంటే సుమారు అర్ధస్వరంలో ఏడో వంతు పైన ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలిసిపోతుంది. ఇక రెండోది గమకం. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు, ఊగే స్వరం. ఆ ఊపులోనే తోడి ఉంది. మెట్టుకి ఊగడం రాదు. నొక్కితే పలుకుతుంది, వదిలితే ఆగుతుంది. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జారే దారి లేదు.

నాకు చిన్నప్పుడు తలుపు తీసి మూసినట్టు వినిపించింది ఇదేనన్నమాట. నా విసుగుకి మొదటిసారి ఒక కారణం దొరికింది.

అయితే కారణం దొరికితే దాంతో పాటు ప్రశ్న కూడా వస్తుంది. పరాయిదని హార్మోనియాన్ని వద్దంటే వయొలిన్ సంగతేంటి? అదీ యూరప్ నుంచే వచ్చింది. బాలుస్వామి దీక్షితార్ దాన్ని పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. వందేళ్లు తిరిగేసరికి ద్వారం వెంకటస్వామి నాయుడి చేతిలో అది పూర్తిగా మనదైపోయింది. దానికి మెట్లు లేవు, వేలు ఎక్కడికి కావాలంటే అక్కడికి జారుతుంది. కాబట్టి అసలు గొడవ దేశం గురించి కాదు, మెట్ల గురించి. ఈ రెంటినీ కలిపి మాట్లాడినంతకాలం వాదన తెగదు. విడదీసి చూసినవాళ్లు కూడా అప్పట్లో ఉన్నారు. కె.బి. దేవల్, ఇ. క్లెమెంట్స్ కలిసి ఇరవైరెండు శ్రుతులు పలికే హార్మోనియమే చేయించారు. 1916లో బరోడాలో జరిగిన సంగీత సమావేశంలో ఆ శ్రుతుల మీద పెద్ద వాదోపవాదాలు జరిగాయి. ఆ హార్మోనియం నిలబడలేదు. కానీ మన శ్రుతులు ఇరవైరెండా, అవి ఎక్కడెక్కడ ఉన్నాయి, పాడేవాళ్లు నిజంగా వాటినే పాడుతున్నారా అన్న ప్రశ్నలు అక్కడ బాహాటంగా నలిగాయి. నచ్చని వాద్యం ఒకటి ఎదురుగా ఉండబట్టే కదా, నచ్చిన సంగీతాన్ని అంత సూక్ష్మంగా కొలవాల్సి వచ్చింది!

1940 ఉత్తర్వుతో రేడియో లోపల ఈ మాటలకి పని లేకుండా పోయింది. వాదన తప్పని కాదు, దాని అవసరమే తీరిపోయింది. బయట లోకం మాత్రం మారలేదు. హిందుస్తానీ గాయకులు సభల్లో హార్మోనియం పక్కన పెట్టుకునే పాడారు. అదే గాయకుడు రేడియో స్టూడియోకి వెళితే హార్మోనియం గుమ్మం బయట ఉండిపోయేది. సినిమా సంగీత దర్శకులు హార్మోనియం మీదే బాణీలు కట్టారు. తెలుగు నాటకాల వాళ్లకి ఉత్తర్వు వచ్చిన సంగతే పట్టలేదు. పట్టింది ఎవరికంటే, రేడియోలో వాయించి పేరు తెచ్చుకోవాలనుకున్న హార్మోనిస్టుకి. నువ్వు బాగా వాయిస్తున్నావా లేదా అని అతన్ని ఎవరూ అడగలేదు. అడిగితే కదా, అతను సమాధానం వాయించి చూపించేది.

1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటల మీద ఇదే దారి పట్టాడు. శ్రోతలు ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టక తప్పలేదు.

హార్మోనియం విషయంలో తలుపు తెరవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 1970లో ఆకాశవాణి సంగీతకారులనూ పండితులనూ పిలిచి దీని మీద ఒక సెమినార్ పెట్టింది. నిషేధం తర్వాత ముప్పయ్యేళ్లకి చర్చ! ఆ మరుసటి ఏడు పక్కవాద్యంగా కొన్ని షరతులతో అనుమతించారు. సోలో వాయించడానికి మాత్రం అప్పుడు కూడా ఒప్పుకోలేదు.

ఈ సరంజామా అంతా మోసుకుని మళ్లీ మావయ్య దగ్గరకి వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరయ్యాడు, నాటకాలూ తగ్గిపోయాయి. ఏడో వంతు తేడా, తోడి గాంధారం, ఫౌల్డ్స్, అన్నీ వరసగా అప్పజెప్పాను. మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. "ఇప్పుడు విన్నావు," అన్నాడు.

తర్వాత పెట్టె తెరిచి, నన్ను తోడి ఎత్తుకోమన్నాడు. నాకు పాట రాదు. ఫోన్లో ఒక ఆలాపన పెట్టాను. ఆయన షడ్జమం పట్టుకుని కూర్చున్నాడు. గాంధారం వచ్చినచోటల్లా ఆయన వేలు మెట్టు మీద నుంచి లేచిపోతోంది. అక్కడ గొంతు ఒంటరిగా ఊగి తిరిగొచ్చాక మళ్లీ మెట్టు పలుకుతోంది. "చాతకానిచోట తప్పుకోవాలి. హార్మోనిస్టు నేర్చుకునేదంతా ఇదే," అన్నాడు. ఇన్నేళ్లలో నేను ఆ వేళ్లు ఎక్కడ పలికాయో విన్నాను గానీ, ఎక్కడ తప్పుకున్నాయో ఒక్కసారీ వినలేదు.

అక్కడితో అయిపోతే బావుండేది. "నీ ఫోన్లో ఇంకేమున్నాయో పెట్టు," అన్నాడు. నేను రోజూ ఆఫీసుకి వెళుతూ వినే పాటలు పెట్టాను. రెండో పాట సగంలో ఆపమన్నాడు. "ఈ అబ్బాయి గొంతేంటిరా, మెట్ల మీద నడుస్తోంది?"

అది ఆటోట్యూన్. 1997లో వచ్చిన సాఫ్ట్‌వేర్. పాడినవాడి స్వరం అటూ ఇటూ జరిగితే దాన్ని లాక్కొచ్చి దగ్గర్లో ఉన్న మెట్టు మీద కూర్చోబెడుతుంది. గట్టిగా వాడితే జారుడు మాయమై, గొంతు ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదకి దూకుతుంది. అదొక మోజు అయిపోయింది, నాకూ ఇష్టం. పన్నెండు మెట్లు, గమకం లేదు, జారుడు లేదు. హార్మోనియం మీద నేను మోపిన నేరాలన్నీ నా ఇష్టమైన పాటలో ఉన్నాయి. మావయ్య ఏమీ అనలేదు, తిత్తి మూసి కొక్కెం పెట్టుకుంటున్నాడు.

"అది వేరు మావయ్యా," అన్నాను.

"ఎలా వేరో చెప్పు, వింటా," అన్నాడు.

చెప్పాలి. ఇంకా వెతుకుతున్నాను.