గసగసాల నూనెలో ఎర్రమందు

కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. సుమారు ముప్పాతిక వంతు పేగుల నుంచి పోర్టల్ సిర మోసుకొస్తే, మిగతా పావు వంతు కాలేయ ధమని తెస్తుంది. కాలేయంలో పెరిగే కణితి ఈ లెక్కను తిరగేస్తుంది, దాని తిండి దాదాపు అంతా ధమని నుంచే. బ్రీడిస్, యంగ్ అనే పరిశోధకులు 1954లో ఈ సంగతిని రుజువులతో చూపించారు. ధమనిని పట్టుకుంటే కణితిని పట్టుకున్నట్టే, మంచి కాలేయానికి సిర అండగా ఉంటుంది. కాలేయ క్యాన్సర్‌కు గురిచూసి ఇచ్చే కీమోథెరపీ కథంతా ఈ నమ్మకం మీదే నడిచింది. ఆ కథను మొదటి నుంచీ చూస్తే నాకు తోచేది ఇది: మందును కణితి దాకా చేర్చగలమని పదేపదే తేలింది, చేరిన ఆ మందు వల్లే రోగి ఎక్కువకాలం బతికాడని మాత్రం ఇంకా తేలలేదు.

ధమనిలోకి మందు ఎక్కించాలన్న ఆలోచనకు ఊపిరి పోసింది ఒక పొరపాటు. కీమోథెరపీలో తొలితరం మందు నైట్రోజన్ మస్టర్డ్, యుద్ధంలో వాడిన విషవాయువుకు దగ్గరి చుట్టం. అది పొరపాటున ఒక రోగి చేతి ధమనిలోకి పోయింది. ముంజేయి, అరచేయి ఎర్రబడి, బొబ్బలెక్కి, పుళ్లు పడ్డాయి. దెబ్బ ఆ చేతికే పరిమితమైందని గమనించిన కాల్విన్ క్లాప్ బృందం 1950లో ధమని కీమోథెరపీ ఫలితాలను ప్రచురించింది. ఆ దశాబ్దం చివర్లో ఇదే దారిలో మెథోట్రెక్సేట్ వాడారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిన మందు అది. కణితి ఉన్న చోటి ధమనిలోకి మందు, మిగతా ఒంటికి ఆ విషం తగలకుండా కండరంలోకి విరుగుడు! ఇంత తేటైన ఆలోచన తర్వాతి రోజుల్లో అరుదుగానే కనిపిస్తుంది. ఈలోగా 1953లో స్వీడన్ డాక్టర్ సెల్డింగర్, సూదిలోంచి తీగ పంపి, సూది తీసేసి, తీగ మీదుగా గొట్టం జారవిడిచే పద్ధతి కనిపెట్టాడు. దాంతో కడుపు కోయకుండానే, తొడ మొదట్లో గుచ్చి కాలేయ ధమని దాకా పోయే వీలు కలిగింది. 1974లో ఫ్రాన్స్‌లో డోయాన్ బృందం ఆ ధమనిని మూసి కణితిని మాడ్చే ప్రయత్నం చేసింది.

మందును, మూతను కలిపింది జపాన్. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) ముదిరి ఆపరేషన్‌కు పనికిరాని రోగులు అక్కడ చాలామంది. ఒసాకాలో యమడా బృందం, సర్జన్లు రక్తం ఆపడానికి వాడే జెలటిన్ స్పాంజిని చిన్న ముక్కలు చేసి, కీమోథెరపీ మందులైన మైటోమైసిన్‌లోనో డాక్సోరూబిసిన్‌లోనో నానబెట్టి ధమనిలోకి పంపింది. 120 మంది రోగుల వివరాలు 1983లో అచ్చయ్యాయి. అదే కాలంలో కుమామోటోలో కొన్నో, మయెదా లిపియోడాల్‌తో పని చేశారు. అది 1901లో ఫ్రాన్స్‌లో గెర్బే తయారుచేసిన, అయోడిన్ పట్టించిన గసగసాల నూనె. ఎక్స్‌రేలో కనిపించడానికి వాడే ఆ నూనె, ధమనిలోకి ఎక్కిస్తే కణితిలో వారాల తరబడి నిలిచిపోతుంది. ఇప్పటికీ ఆపరేషన్ థియేటర్‌లో జరిగేది చూడండి. ఒక సిరంజిలో కుంకుమ నీళ్ల రంగు డాక్సోరూబిసిన్, ఇంకోదాంట్లో లేత పసుపు నూనె. రెంటినీ మూడు దారుల ప్లాస్టిక్ కుళాయికి తగిలించి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నెడతారు. చిక్కటి గులాబీ రంగు వచ్చాక అది గొట్టంలోకి పోతుంది. తర్వాత స్కాన్‌లో కణితి తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి నమ్మకం కుదరని డాక్టరు ఉంటాడా? నా అనుమానం కూడా అక్కడే. మెరిసేది నూనె, మందు కాదు.

చికిత్స ఇలా వాడుకలో పాతుకుపోయాక పరీక్షలు వచ్చాయి. ఫ్రెంచి బృందం 96 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి 1995లో ఫలితం చెప్పింది: కణితి పెరుగుదల తగ్గింది, కానీ కాలేయం దెబ్బతినడం ఎక్కువైంది, ఆయుష్షులో నికరమైన తేడా తేలలేదు. తిరిగి ఆశ పుట్టించింది 2002. హాంకాంగ్‌లో రెండేళ్లు బతికినవారు చికిత్స పొందినవారిలో 31 శాతం, పొందనివారిలో 11 శాతం. బార్సిలోనాలో అవే అంకెలు 63, 27. ఇన్ని ప్రాణాలు నిలిచాక ఇంకేం రుజువు కావాలని అడగవచ్చు. ఈ చికిత్స పనిచేస్తుందనడంలో నాకు సందేహం లేదు, రోగులను జాగ్రత్తగా ఎంచితేనే అనుకోండి. బార్సిలోనా వాళ్లు 903 మందిని చూసి 112 మందినే తీసుకున్నారు. అయితే ఈ పోలికలు చికిత్సకూ చికిత్స లేకపోవడానికీ మధ్య జరిగినవి. మేలు చేసింది మూతా, మందా అన్నది వాటిలో తేలదు.

మందునే పట్టి చూసిన పరీక్షలు అంత ఉత్సాహం కలిగించవు. డాక్సోరూబిసిన్‌ను పీల్చుకుని మెల్లగా వదిలే పూసలు వచ్చాయి. 212 మందితో జరిగిన యూరప్ పరీక్ష 2010లో, కణితి తగ్గడంలో పాత పద్ధతి కంటే అవి మెరుగని నిరూపించలేకపోయింది. దుష్ఫలితాలు తగ్గాయి, అదీ లాభమే. న్యూయార్క్‌లో 101 మందికి మందున్న పూసలు, మందులేని పూసలు ఇచ్చి పోల్చారు. 2016లో అచ్చయిన లెక్క ప్రకారం మధ్యస్థ ఆయుష్షు మందు లేనివారిలో 19.6 నెలలు, ఉన్నవారిలో 20.8 నెలలు. వేడి తగిలితే విచ్చుకునే కొవ్వు బుడగల్లో ఇదే మందును నింపి, కణితిని రేడియో తరంగాలతో కాల్చే చికిత్సకు జోడించి 701 మంది మీద చూస్తే, 2013లో అదీ గురి తప్పింది. ఆక్స్‌ఫర్డ్‌లో 10 మందికి అల్ట్రాసౌండ్ వేడితో ఆ బుడగలను తెరిస్తే కణితిలో మందు సగటున 3.7 రెట్లు పెరిగినట్టు 2018లో ప్రకటించారు. చేరవేత అద్భుతం, నిజమే. ఆయుష్షు లెక్క తేల్చడం ఆ పరీక్ష పని కాదు.

101 మందితో చిన్న తేడాలు పట్టుబడవు, పూసలతో వచ్చిన ఫలితాన్ని నూనెకు అంటగట్టకూడదు అంటారు. రెండూ సరైన మాటలే, అందుకే మందు పనికిరానిదని నేను అనడం లేదు. రోగికి మేలు జరిగితే చాలు, ఏ భాగం వల్లయితేనేం అనే వాదనను మాత్రం ఒప్పుకోలేను. సిర్రోసిస్‌తో ఇప్పటికే సగం అలిసిన కాలేయంలోకి పోసే విషం, అవసరం లేనిదైతే, ఊరికే పోయదగింది కాదు. నిజానికి బార్సిలోనా పరీక్షలో మందు లేకుండా ధమనిని మూసిన మూడో జట్టు కూడా ఉంది, అందులో రెండేళ్లు బతికినవారు 50 శాతం. మందున్న జట్టు స్పష్టంగా మేలనిపించగానే, చికిత్స లేనివారిని అలా వదిలేయడం న్యాయం కాదని పరీక్షను ముందుగానే ఆపేశారు. తప్పు పట్టలేం. కానీ 50కీ 63కీ మధ్య ఉన్న తేడా మందుదా, కాకతాళీయమా అన్న ప్రశ్న కూడా దాంతోపాటే ఆగిపోయింది.