ఆనందం బాధకు మందా? యూదు ఆరాధనలో పర్ణశాలల పండుగ సాక్ష్యం

యూదుమతంలో ఆనందం అనగానే మన పరిశోధకులు నేరుగా 18వ శతాబ్దపు ఉక్రెయిన్‌కు వెళ్ళిపోతారు. ఆ బాట వేసినవాడు చరిత్రకారుడు సైమన్ దుబ్నోవ్. 1648 ఊచకోతలతో చితికిపోయి, పండితుల శుష్క చర్చలతో విసిగిపోయిన పోలండ్ యూదు సామాన్యులకు హసీదిజం అనే భక్తి ఉద్యమం ఊరటగా పుట్టిందని ఆయన వాదన. తర్వాతివాళ్ళు దాన్ని ఒక సూత్రంగా కుదించారు: ఆనందం బాధకు మందు. నా తగువు ఈ సూత్రంతోనే. దేవుణ్ణి ఆనందంతో సేవించాలన్న ఆజ్ఞ దుఃఖంలోంచి రాలేదు, భరోసాలోంచి వచ్చింది. హసీదిజానికి మూలపురుషుడైన బాల్ షెమ్ తోవ్ పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే దానికి ఒక రూపం ఏర్పడింది.

పర్ణశాలల పండుగనే తీసుకుందాం. పస్కా నియమాల్లో ఆనందించమన్న ఆజ్ఞ తోరాలో లేదు. వారాల పండుగకు ఒక్కసారి ఉంది, పర్ణశాలల పండుగకు మూడుసార్లు. కళ్ళం పని ముగిసి, ద్రాక్షగానుగ ఆగి, గాదెలు నిండాక ఈ పండుగ వస్తుంది. సరిగ్గా అప్పుడే గట్టి ఇల్లు వదిలి ఏడు రోజులు కొమ్మల కప్పు కిందికి చేరాలి. ఇల్లు నిండుగా ఉన్నవాడు ఇదంతా నా చేతి బలమే అనుకోకుండా ఉండటానికే ఈ విధి అని 12వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో రష్బామ్ వ్యాఖ్యానించాడు.

మరి వాన పడితే? గిన్నెలోని జావ చెడిపోయేంత పడితే లేచి ఇంట్లోకి వెళ్ళవచ్చునంటుంది యూదుల ప్రాచీన ధర్మసంహిత మిష్నా. వెంటనే ఒక పోలిక చెబుతుంది: యజమానికి పానపాత్ర కలిపి ఇవ్వబోయిన సేవకుడి ముఖాన ఆ యజమానే నీళ్ళు కుమ్మరించినట్టు. ఈ పోలికను వ్యాఖ్యాతలు దైవాగ్రహానికి గుర్తుగా చదివి ఊరుకున్నారు. అయితే ఇక్కడ సేవకుడిని నొప్పించింది తడవడం కాదు, తన సేవ తిరస్కరణకు గురికావడం. పర్ణశాలలో కూర్చోవడం కష్టం కాదు, అక్కడినుంచి లేవాల్సి రావడమే కష్టం. మందు సూత్రం ఈ పోలికను ఎలా వివరిస్తుంది?

పైగా ఆ ఏడు ఎంత వాన కురవాలో తీర్పయ్యేది ఈ పండుగలోనేనని మిష్నాయే అంటుంది. యెరూషలేము మందిరంలో నీళ్ళు తోడే సంబరం జరిగింది కూడా ఈ రోజుల్లోనే. యాజకుల పాతబడిన వస్త్రాలను చీల్చి వత్తులు చేసి బంగారు దీపస్తంభాలు వెలిగించేవారు, పెద్దలు దివిటీలు పట్టుకుని ఆడేవారు. వానల సంగతి ఇంకా తేలలేదు, ఆట మాత్రం మొదలైంది. భరోసా అంటే నేను చెప్పేది ఇదే.

ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంది. శాపాలు ఎందుకు వచ్చాయి? అన్నీ సమృద్ధిగా ఉన్న కాలంలో ఆనందంతో సేవించనందుకు. మధ్యయుగ ధర్మశాస్త్రవేత్త మైమోనిడీస్ ఈ పండుగలో పట్టుకునే ఖర్జూరపు మట్ట (లూలావ్) నియమాల చివర ఈ వచనాన్నే ఆధారం చేసుకుని, ఆ ఆనందానికి దూరంగా ఉండేవాడు శిక్షార్హుడన్నాడు. మందు వేసుకోని రోగిని ఎవరూ శిక్షించరు.

ఇక ఈ ఆనందానికి ఆధారమైన భరోసా ఎలాంటిదో చూద్దాం. 11వ శతాబ్దంలో సరగోసాకు చెందిన బహ్యా ఇబ్న్ పకూదా ‘హృదయ విధులు’ నాలుగో ద్వారాన్ని భరోసాకే కేటాయించాడు. అందులో దైవభరోసా ఉన్నవాడిని బంగారం చేసే రసవాదితో పోల్చి చూస్తాడు. రసవాదికి ముడిసరుకు కావాలి, ఆ పొగలు ప్రాణం మీదికి తేవచ్చు, విద్య బయటపడుతుందేమోనని నిత్యం భయం. భరోసా ఉన్నవాడికి ఈ బెంగలేవీ లేవు. అలాగని బహ్యా పని మానమనలేదు.

మళ్ళీ హసీదిజానికి వస్తే, హసీదీ గురువు బ్రెస్లోవ్ నహ్మాన్ తన నిరాశతో పోరాడుతూ ఆనందాన్ని బోధించాడన్నది నిజమే గానీ, ఒక గురువు స్వభావం ఒక సంప్రదాయానికి మూలం కాజాలదు. ఇక బాల్ షెమ్ తోవ్ సంగతి. చరిత్రకారుడు మోషే రోస్మన్ 1996లో వెలువరించిన గ్రంథంలో ఆయన నివసించిన మెజిబిజ్ ఊరి పన్ను చిట్టాలను బయటపెట్టాడు. బాల్ షెమ్ అక్కడ యూదు సంఘానికి చెందిన ఇంట్లో, పన్ను మినహాయింపుతో నివసించాడు. ఆ ఊరు అప్పటికి కోలుకుని వ్యాపారంతో కళకళలాడుతోంది. అంటే హసీదీ ఆట మొదలైంది శిథిలాల మధ్య కాదు, గాదె నిండిన ఊళ్ళోనే. హసీదుల ఆనందం మూలంలో పర్ణశాల ఆనందమేనని నేను అంటాను.