అడుగ నేర్చిన దర్జీ

కష్టములో నున్నవాడు మనయొద్దకు వచ్చినప్పుడు మన నోట మొదట వచ్చునది సలహా. అతడు సగము చెప్పకమునుపే మన జవాబు సిద్ధముగా నుండును. మరికొందరము ప్రశ్నలే వేయుదుము గాని, "అది తప్పని నీకు తోచలేదా?" అని అడుగుదుము. అది ప్రశ్న వేషము వేసికొన్న తీర్పు. ఎదుటివాని హృదయము తలుపు తీయు ప్రశ్న వేరు. అట్టి ప్రశ్న అడుగ నేర్చిన యొక సామాన్యుని చరిత్ర ఎరుగదగినది.

జాన్ ఊల్మన్ 1720వ సంవత్సరమున అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టెను. అప్పటికి అది ఇంగ్లీషువారి వలస రాజ్యము. ఇతడు క్వేకరు సమాజమువాడు. మౌంట్ హోలీ అను ఊర దర్జీపని చేసి జీవించెను. ఆ దినములలో ఆఫ్రికా జాతివారిని బానిసలుగా కొనుట, అమ్ముట, పిల్లలకు ఆస్తిగా విడిచిపోవుట అచ్చట వాడుక. భక్తిపరులైన క్వేకరులలో సహా అనేకులకు బానిసలుండిరి.

ఊల్మన్ యౌవనములో ఒక అంగడిలో గుమాస్తాగా నుండగా, యజమానుడు తన బానిస స్త్రీని అమ్మి, విక్రయపత్రము వ్రాయుమని ఆజ్ఞాపించెను. కొనువాడు ఎదుట కాచుకొని యుండెను. ఊల్మన్ మనస్సు కలత చెందినను వ్రాసెను. కాని బానిసలనుంచుకొనుట క్రైస్తవ ధర్మమునకు విరుద్ధమని తలంచుచున్నానని ఆ యిద్దరి యెదుటనే చెప్పెను. ఆ దినపు కలత అతనిని విడువలేదు.

క్వేకరులలో ఒక పాత ఆచారము కలదు. ఏమి చేయవలెనో ఆజ్ఞాపించుటకన్న, ఎట్లున్నారో అడుగుట. 1682లో లండను వార్షిక సభ ప్రతి ప్రాంతపువారిని మూడు సంగతులు అడిగెను: బోధకులలో ఎవరు మృతినొందిరి? విశ్వాసము నిమిత్తము చెరలో నున్నవారిలో ఎవరు చనిపోయిరి? సత్యము మీలో ఎట్లు వర్ధిల్లుచున్నది, మీరు సమాధానముగా నున్నారా? కాలక్రమమున ఈ ప్రశ్నలు పెరిగి, ప్రతి సంఘము తన్ను తాను పరీక్షించుకొను అద్దమాయెను. ఊల్మన్ ఈ ఆచారములో పెరిగినవాడు.

పత్రములు వ్రాయ నేర్చినవాడగుటచేత ఇరుగుపొరుగువారు వీలునామాల కొరకు అతనియొద్దకు వచ్చుచుండిరి. ఆ వ్రాతపనికి మంచి ప్రతిఫలము దొరకును. 1750 తరువాతి సంవత్సరములలో ఒకప్పుడు ఆ ప్రాంతమున పేరుగల వృద్ధుడొకడు వీలునామా వ్రాయించుకొన వచ్చెను. అతనికి చిన్నవయస్సు బానిసలుండిరి. వారిని ఏమి చేయదలచితివని ఊల్మన్ అతనిని ఏకాంతముగా అడిగెను. వృద్ధుడు తన ఉద్దేశము చెప్పెను. అట్లయిన ఈ పత్రము వ్రాసినయెడల నా మనశ్శాంతి చెడునని ఊల్మన్ మర్యాదతో తెలిపి, కారణములు వివరించెను. వృద్ధుడు కోపపడలేదు, వేరొకనిచేత వ్రాయించుకొనెను.

కొన్ని సంవత్సరములు గడచెను. కుటుంబములో మార్పులు కలిగినందున వృద్ధుడు మరల వచ్చెను. దుర్వ్యసనములలో తిరిగిన కుమారుడు ఇప్పుడు బాగుపడినాడు గనుక, బానిసలను అతనికి వ్రాయుటకు ఊల్మనుకు అభ్యంతర ముండదని అనుకొనెను. ఇద్దరును స్నేహముగా చాలసేపు మాటలాడుకొని, సంగతి తెమల్చక వాయిదా వేసికొనిరి. కొన్ని దినములకు వృద్ధుడు తానే వచ్చి, వారిని స్వతంత్రులను చేయునట్లు వ్రాయుమనెను. అప్పుడు ఊల్మన్ ఆ పత్రమును వ్రాసెను.

ఈ సంగతిలో మూడు విషయములు గమనింపదగును. మొదటిది, అతడు పదిమందిలో అడుగలేదు. సిగ్గుపడిన మనుష్యుడు ఆలోచింపడు, తన్ను కాపాడుకొనును. రెండవది, ఆ ప్రశ్నకు అవునని గాని కాదని గాని చెప్పి తప్పించుకొన వీలులేదు. వృద్ధుడు తన ఉద్దేశమును తన నోటనే పలికి, తన చెవులతోనే వినవలసి వచ్చెను. మూడవది, అడిగినవాడు జవాబునకు తొందరపెట్టలేదు.

అయితే ఆ ఓర్పునకు వెల ఎవరిచ్చిరి? వృద్ధుడు ఆలోచించిన ఆ సంవత్సరములన్నిటను ఆ పిల్లలు బానిసలుగానే యుండిరి. ఇది మరువరానిది. మృదువుగా అడుగుట వేరు, చూచి చూడనట్లుండుట వేరు. ఊల్మన్ ప్రశ్న మృదువైనదే గాని అతని కలము లొంగలేదు. ప్రయాణములలో బానిసలున్న యిండ్ల బసచేసినప్పుడు, వారి సేవను ఊరక పొందనొల్లక చిన్న వెండి నాణెములు ఇచ్చుచుండెను. తన బ్రదుకును మొదట ప్రశ్నించుకొన్నవాడు గనుకనే ఇతరులు అతని ప్రశ్నను సహించిరి.

1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభ, బానిసలున్న సభ్యుల యిండ్లకు వెళ్లి మాటలాడుటకు ఊల్మనును మరికొందరిని నియమించెను. అతడు ఇంటింటికి తిరిగెను. 1772లో ఇంగ్లండులోని యార్కు పట్టణమున మశూచికముచే మరణించెను. నాలుగేండ్లకు, 1776లో, బానిసలను విడువని సభ్యులు సమాజములో నుండరాదని ఆ సభ తీర్మానించెను.

పెండ్లాడగోరువారికి అడ్డంకు లేమైన నున్నవేమో విచారించుటకు కొందరిని నియమించు వాడుక కూడ క్వేకరులలో 17వ శతాబ్దము నుండి యుండెను. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున దానిని ఇతర చిక్కులకును వినియోగించిరి. చిక్కులో నున్నవాని చుట్టు అయిదారుగురు కూర్చుందురు. సలహా చెప్పరాదు, తమ కథలు చెప్పరాదు. తమకు జవాబు తెలియని ప్రశ్నలనే నెమ్మదిగా అడుగవలెను. మధ్యమధ్య మౌనము.

ముప్పది యెనిమిది ఏండ్లు వ్యాధితో పడియున్నవానిని ప్రభువు సహితము, స్వస్థపడ గోరుచున్నావా అని మొదట అడిగెను గదా! ఆ మనుష్యుని కోరికను అతని నోట పలికించుట ఆయనకు వ్యర్థముగా తోచలేదు.

చదువరీ, అప్పులపాలైన సహోదరుడు గాని, భర్తతో పొసగని చెల్లెలు గాని, చదువు మానెదనను కుమారుడు గాని నీయొద్దకు వచ్చినప్పుడు, నీ జవాబును కొంచెము సేపు ప్రక్కన పెట్టుము. "నీకు ఏది మిక్కిలి భారముగా నున్నది? ఇంతవరకు ఏమి చేసి చూచితివి? ఇప్పుడేమి చేయదలచితివి?" అని అడుగుము. అడిగి ఊరకుండుము. మౌనము బరువుగా తోచినను దానిని మాటలతో నింపకుము. అతడు వెదకుచున్న మాట తరచుగా అక్కడనే దొరకును.