ఆసుపత్రి చెత్త: నర్సు చేతిలో నాలుగు రంగులు

ఆసుపత్రి వార్డులో పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల డబ్బాలను పాఠకులు చూచియే ఉందురు. రోగికి వాడిన వస్తువులను ఏ విధంగా వేరుచేయవలెనో తెలిపే నియమావళిని భారత ప్రభుత్వం 1998లో తొలిసారి ప్రకటించింది. 2016లో దాని స్థానంలో కొత్త నియమావళి వచ్చింది. ఇది కేంద్రం చేసిన నియమం. కనుక మన సరిహద్దు గ్రామాల వారు వైద్యానికి బళ్ళారి వెళ్ళినా, హోసూరు వెళ్ళినా, పర్లాకిమిడి వెళ్ళినా డబ్బా మీది అక్షరాలు మారవచ్చును గాని రంగుల అర్థం మారదు.

రక్తం, చీము అంటిన దూది, కట్టుగుడ్డలు, కాన్పులో వచ్చిన మాయ, గడువు తీరిన మందులు పసుపు సంచిలోనికి పోతాయి. వీటిని దహన యంత్రంలో కాలుస్తారు. సెలైన్ గొట్టాలు, ప్లాస్టిక్ సీసాలు, గ్లౌజులు, సూది తీసిన సిరంజిలు ఎరుపులోనికి. వీటిని కాల్చరు, కాల్చితే విషవాయువులు పుడతాయి. ఆవిరి యంత్రంలో క్రిములను చంపి, ముక్కలు చేసి, తిరిగి ప్లాస్టిక్ తయారీకి పంపుతారు. గాజు మందుబుడ్లు నీలంలోనికి.

తెల్లని డబ్బా సంగతి కొంత వివరంగా చెప్పవలెను. సూదులకు, బ్లేడ్లకు ఉద్దేశించిన ఈ డబ్బా చిల్లుపడనంత గట్టిదై ఉండాలి. వాడిన సూదికి మూత తిరిగి బిగించడం జాగ్రత్త అని చాలామంది అనుకొంటారు. నర్సులకు సూది గుచ్చుకొనే ముఖ్యమైన సందర్భాలలో అదియు ఒకటి. మూత పెట్టక, కట్టరుతో సూదిని వెంటనే తుంచి డబ్బాలో వేయాలి. హెపటైటిస్ బి రోగికి వాడిన సూది గుచ్చుకొంటే, టీకా వేసుకొనని వారిలో నూటికి 30 మంది వరకు ఆ వ్యాధి సోకవచ్చును. హెచ్.ఐ.వి. విషయంలో ఇది వెయ్యికి ముగ్గురు. 2009లో గుజరాత్‌లోని మోదాసాలో వాడిన సిరంజిలనే మరల వాడినందున హెపటైటిస్ బి వ్యాపించి పదుల సంఖ్యలో జనం మరణించారు.

ఆసుపత్రి చెత్తలో సుమారు 85 శాతం మామూలు చెత్తయే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తక్కిన 15 శాతం దానిలో కలిస్తే మొత్తం ప్రమాదకరమవుతుంది. తరువాత చేతితో ఏరడానికి వీలు లేదు. అందువల్ల మంచం పక్కన, వాడిన క్షణంలోనే నర్సు వేరుచేయాలి. ఆ సంచులను 48 గంటలకు మించి నిలువ ఉంచరాదు. ఊరి చిన్న క్లినిక్కుకు, టీకా శిబిరానికి కూడ ఈ నియమావళి వర్తిస్తుంది. చెరువుగట్టున సిరంజిలు పారవేయడం నేరమే.

రోగి వెంట వచ్చిన వారు పళ్ళతొక్కలు, టిఫిన్ పొట్లాలు ఈ డబ్బాలలో వేయరాదు. ఖాళీ సెలైన్ సీసాలను, సిరంజిలను పిల్లల ఆటకని అడిగి తెచ్చుకొనరాదు. (మా బడి పిల్లలు వాటిలో సిరా నింపి చల్లుకొనడం నేనెరుగుదును.)

ఇంటిలో ఇన్సులిన్ సూదులు వాడేవారు వాటిని మూత గల మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండకమునుపే గట్టిగా మూసి, చెత్త బండి వారికి చెప్పి విడిగా ఇవ్వాలి. బండి రాని ఊళ్ళలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు నర్సును అడగవచ్చును.