తుంగ తిరిగి రాలేదు

2006లో కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టివేసినప్పుడు, సరస్సు తిరిగి వచ్చినట్లేనని నా తరగతిలో ధీమాగా చెప్పాను. గట్టు తెగితే నీరు వస్తుంది, నీటి వెంట సర్వమూ వస్తుంది - యిదీ నా తర్కం. అది తప్పని నాకు నేర్పినది, ఎక్కడో అమెరికాలోని అయోవా రాష్ట్ర చరిత్ర.

ఉత్తర అయోవా పూర్వపు హిమానీనదాలు వదలిపోయిన గుంటల నేల. 1850 నాటి చట్టంతో ఫెడరల్ ప్రభుత్వం అయోవాలోని చిత్తడి భూములను "పనికిరానివి"గా ఎంచి రాష్ట్రానికి ధారపోసింది. మరుసటి యేడే, పక్కనున్న దక్షిణ మిన్నెసోటాను డకోటా ప్రజలు ఒప్పందాల పేరిట కోల్పోయారు. పనికిరాని నేల కోసం యెంత ఆత్రమో చూడండి!

ఆ నేల కింద మట్టిగొట్టాలు పరచి నీటిని తోడేశారు. యిది వొక్క రైతు వల్ల అయ్యే పని కాదు; నీరు పక్కవాడి పొలంగుండా పోవాలి. అందుకని చట్టమే మురుగు పారుదల మండలాలను సృష్టించి పన్ను వేసింది. వ్యక్తి స్వేచ్ఛకు పుట్టిల్లని చెప్పుకునే దేశంలో నేల యెండినది సమష్టి ఖర్చుతో! లాభం మాత్రం భూమి గలవాడిది. 1980ల నాటికి రాష్ట్రపు చిత్తడి నేలల్లో 89 శాతం పోయింది.

1985లో వ్యవసాయ సంక్షోభం ముదిరినప్పుడు, కొంత భూమిని సాగు మానితే డబ్బిస్తామన్నది ప్రభుత్వం. కొందరు గొట్టాలు పగలగొట్టారు. నీరు వచ్చింది.

మొక్కలో? గాలటోవిచ్, వాన్ డెర్ వాల్క్ అనే శాస్త్రజ్ఞులు 1996లో ప్రకటించిన పరిశీలన ప్రకారం సహజమైన గుంటలో సగటున 46 జాతులుంటే, పునరుద్ధరించిన దానిలో 27 మాత్రమే. నీట మునిగి పెరిగేవి త్వరగానే చేరాయి. గట్టువార తడినేలలో పెరిగే తుంగ జాతులు రాలేదు. దశాబ్దాలు దున్నిన బురదలో వాటి గింజలు చచ్చిపోయాయి. బయటనుంచి రావడానికి చుట్టుపక్కల మిగిలినది మొక్కజొన్నే. పన్నెండేళ్ల తర్వాత చూస్తే కానరీ గడ్డీ, జమ్మూ చాలా గుంటలను ఆక్రమించాయి.

కాబట్టి గింజను మనిషే తేవాలి. తుంగ గింజ చాలా జాతుల్లో నిలవ వుంటే మొలకెత్తదు. కోసిన వెంటనే చల్లుకోవాలి. అదైనా, యెవరూ ఎండగట్టని పాత గుంట దగ్గర్లో వొకటి మిగిలి వుంటేనే.