చేయని కొలువు

హిందూస్థానీ భాషలో 'తిలంగా' యను మాట యొకటి కలదు. దానికి సిపాయి యని యర్థము. 1756వ సంవత్సరమున క్లైవు మదరాసునుండి ఓడలమీద సిపాయీలను వంగదేశమునకు గొనిపోగా, వారు తెలుగుదేశపు దిక్కునుండి వచ్చినవారని యచటి జనులు వారికి తిలంగా లని పేరు పెట్టిరి. పిదప ఎఱ్ఱకోటు తొడిగి, తుపాకి పట్టి, దొర చెప్పినట్లు అడుగు వేయువాడెల్ల తిలంగా యయ్యెను. నూఱేండ్లు గడచినవి. 1857లో ఢిల్లీనగరమున కుంపిణీపై తిరుగబడిన సిపాయీలను గూడ నగరవాసులు తిలంగా లనియే పిలిచిరి. వారిలో నధికసంఖ్యాకులు అవధు ప్రాంతపు బ్రాహ్మణులు, రాజపుత్రులు, ముసల్మానులు. వారిలో తెలుగుమాట యెఱిగినవా డొక్కడైన నుండెనో లేదో! కోటు పోయిన చోటికెల్ల పేరు పోయినది. పేరుగల జాతి మాత్రము ఇంటనే నిలిచిపోయినది.

ఇందలి వింత యింతటితో ముగియలేదు. ఏ జాతి పేరు సిపాయికి పేరయ్యెనో, ఆ జాతిని సిపాయి పనికి తగదని దొరలు తేల్చిరి. 1881 మొదలు 1885 వఱకు మదరాసు సైన్యమునకును, తరువాత 1893 వఱకు భారతసైన్యమున కంతకును అధిపతిగా నుండిన రాబర్ట్సు, దక్షిణదేశపువారిలో యుద్ధశీలము నశించినదని నమ్మినవాడు. 1897లో ప్రకటించిన స్వీయచరిత్రలో నా మాటను దాచకయే వ్రాసినాడు. పంజాబీలు, గూర్ఖాలు వీరజాతులు. తెలుగువారు, అరవలు కారు. ఇట్లొక సిద్ధాంతము వెలసి, మదరాసు పటాలములు ఒకటొకటిగా తగ్గి, 1928 నాటికి పూర్వపు పదాతిదళములు రద్దయిపోయినవి. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి మనుష్యులు చాలకపోయినప్పుడు ఈ సిద్ధాంతము ఎవ్వరికిని గుర్తు రాలేదు. మదరాసు రెజిమెంటు మరల లేచినది.

పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరము ఈ సిద్ధాంతమునకు చాలినంత సమాధానము. 'మిలిటరీ మాధవరము' అనినగాని యా ప్రాంతమువారికి ఊరు తెలియదు. మొదటి ప్రపంచయుద్ధమునకు తమ యూరినుండి 90 మంది పోయిరనియు, రెండవదానికి వేయిమందికి పైగా పోయిరనియు గ్రామస్థులు లెక్క చెప్పుదురు. నేటికిని సైన్యమున పనిచేసినవాడు లేని యిల్లు అచట అరుదు. ఊరిలో యుద్ధస్మారకము కలదు. అట్టి యూరిలో బడాయి చెప్పుట కష్టము. ఏ కథ మొదలుపెట్టినను, 'అప్పుడు నేనూ ఆ పటాలంలోనే ఉన్నాను గదరా' యను తాత యొకడు ప్రక్క అరుగుమీదనే యుండును.

అట్టి తాత లేనిచోట కథ పెరుగును. విజయవాడలో పటమట ప్రక్కనున్న ఆటోనగరును పాఠకులలో పెక్కురు చూచియే యుందురు. లారీలకు బాడీలు కట్టువారు, కమానుకట్టలు మార్చువారు, లేతుపనివారు, టింకరింగు, వెల్డింగు చేయువారు, వీరి షెడ్లతో నిండిన పేట యది. ఇచట పని నేర్చినవారు కువైటు, దుబాయి, మస్కటు పోయి కొన్నియేండ్లుండి మరల వచ్చి షెడ్డు పెట్టుకొనుట చిరకాలముగా జరుగుచున్నది. మా శిష్యుల తండ్రులు కొందఱీ పనివారే యగుటచే వారి షెడ్లలో కూర్చుండి మాటలు వినుట మాకు పరిపాటి. బ్రాందీకొట్టులో రాత్రి చెప్పిన కథ మఱునాటి యుదయమున షెడ్డులో, చెప్పినవాడు లేనప్పుడు, నవ్వులతో మరల చెప్పబడును. మేము విన్నవి ఈ రెండవ ముద్రణములే.

వానిలో కార్గిలు కొండ యెక్కినవారు చాలమంది. అంతకంటె నెక్కువమంది బ్లాక్ క్యాట్లు. అతివలె కమాండోలు. సాధారణ పదాతిదళమున పదునేనేండ్లు పనిచేసి, వంటశాలకు సామాను మోసితిననిగాని, లెక్కలు వ్రాసితిననిగాని చెప్పినవాడు బ్రాందీకొట్టులో మా కెఱుకలో నొక్కడును లేడు. నిజమైన సైన్యమున మాత్రము అట్టివారే యెక్కువ. బ్లాక్ క్యాట్లనబడు జాతీయభద్రతాదళము 1984లో ఏర్పడినది. దానిలోనికి సైన్యమునుండియు, పోలీసుబలగములనుండియు కొంతకాలమునకు మనుష్యులను తెత్తురు. బయటినుండి నేరుగా చేర్చుకొనరు. కావున 'ఇంటరు కాగానే బ్లాక్ క్యాట్‌లో చేరాను' అనువానిని మఱి రెండవ ప్రశ్న అడుగ నక్కఱలేదు. మాజీసైనికుడు తటస్థించెనా, ఒక్కటే యడుగును: 'ఏ యూనిట్ తమ్ముడూ?' సిపాయి తన తండ్రిపేరు మఱచినను యూనిట్ పేరు మఱువడు. కథకుడు మాత్రము అది రహస్యమనును.

ఆ కథకులలో నొకని మే మెఱుగుదుము. మంచి ఇంజను మేస్త్రీ. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకుసేన కువైటులో చొచ్చినప్పుడు అతడచటనే యుండెను. లక్షా డెబ్బదివేలకు పైగా భారతీయులు ఆ సమయమున చిక్కుపడి, జోర్డాను రాజధానియగు అమ్మానునుండి విమానములమీద రెండునెలలలో స్వదేశము చేరిరి. అతడును వారిలో నొకడు. ఎడారిలో ప్రయాణము, గుడారములలో నిరీక్షణము, నీళ్ల కొఱకు వరుస, అన్నియు అనుభవించినవాడు. కాని బ్రాందీకొట్టులో అతడు చెప్పునది యిది కాదు. తాను భారతసైన్యపు రహస్యదళమువాడననియు, మేస్త్రీవేషమున కువైటులో నుంటిననియు, నలువదిమందిని రాత్రికి రాత్రి సరిహద్దు దాటించితిననియు చెప్పును. ఒకనాడు మేము అతనిని గుడారములను గూర్చి యడిగితిమి. 'అదేముందండీ మాస్టారూ, అందరూ పడ్డదే గదా' అని పానా చేతబట్టుకొని లారీక్రిందికి పోయినాడు.

అందఱు పడినది చెప్పుకొన తగినది కాదని యాతని భావము. మేము దానిని తప్పుపట్టలేదు. పండుగనాడు పాఠశాలకు పిలిచి పూలమాల వేయుటకు మనము సైనికుని వెదకుదుము. ఇంజను మేస్త్రీని వెదకము. మాల యెచట పడునో కథ అచటికి పోవును.

ఈ వ్యాధి తెలుగువారిది మాత్రమే యని యెంచరాదు. 1980 మే 5వ తేదీన లండనులో ఇరాను రాయబారకార్యాలయమున బందీలైనవారిని, నల్లదుస్తులు ధరించి ముఖములు కప్పుకొన్న కొన్ని పదులమంది సైనికులు విడిపించిరి. స్పెషల్ ఎయిర్ సర్వీసు అను ఆ దళమును గూర్చి అంతకుముందు సామాన్యజనులకు తెలిసినది తక్కువ. ఆ దృశ్యమును టెలివిజనులో దేశమంతయు చూచినది. ముఖములు కప్పియుండుటచే ఎవ్వరైనను ఆ వరండామీద నేనుంటి ననవచ్చును. ఆనాడు మేడయెక్కితి మనువారి నందఱిని నిజముగా నెక్కించిన మేడ కూలియుండెడిదని ఇంగ్లీషువారే పరిహాసము చేయుదురు. దుబాయి, బాంగ్‌కాకు మొదలగు పరదేశపు నగరముల బారులలో ఇట్టి దొరలు తఱచుగా కనబడుదురని అచటినుండి వచ్చిన మనవారు చెప్పుదురు. పుట్టిన యూరిలో ప్రక్క అరుగు ఉండును, పరదేశమున నుండదు.

ఇట్టి ప్రగల్భములను మనము ఉత్తరకుమారునికి అంటగట్టితిమి. ఇది యా రాజపుత్రునికి మనము చేసిన యన్యాయమని మా యభిప్రాయము. అంతఃపురస్త్రీలయెదుట అతడు బీరములు పలికిన మాట నిజమే. కౌరవసేనను చూచి రథమునుండి దూకి పరువెత్తినదియు నిజమే. కాని విరాటపర్వమును అంతటితో మూసివేయరాదు. గెలిచిన పిమ్మట అర్జునుడే, ఈ విజయము నీదని తండ్రితో చెప్పుమనెను. దూతలు పోయి ఉత్తరుడు గెలిచెనని చాటిరి. పురము అలంకరింపబడినది. అబద్ధము సిద్ధముగా నున్నది. నోరు తెఱచి ఒప్పుకొనుటయే తరువాయి. ఉత్తరుడు ఒప్పుకొనలేదు. గెలిచినవాడు తాను కాననియు, ఒక దేవపుత్రుడనియు తండ్రితో చెప్పెను. తరువాత భారతయుద్ధపు మొదటినాడే శల్యునితో పోరి మడిసెను.

మా దృష్టి నిలుచునది వేఱొక సన్నివేశముపై. కుమారుడు గెలిచెనన్న వార్త విని విరాటుడు మురియుచు కంకునితో జూద మాడుచుండును. బృహన్నల సారథియైనప్పుడు గెలువక యేమగునని కంకుడనును. రాజు మండిపడి పాచికలతో కంకుని ముఖముపై కొట్టును. ధర్మరాజు ముక్కునుండి కాఱిన రక్తము నేలపై పడకుండ సైరంధ్రి పాత్ర పట్టును. ఊరంతయు నమ్మిన యబద్ధమునకు మూల్యము చెల్లించినవాడు అబద్ధమాడినవాడు కాడు. నిజము చెప్పినవాడు.

అమెరికాలో వాల్టరు విలియమ్సు అనునతడు 1959 డిసెంబరులో చనిపోయెను. 1861-65 నాటి అంతర్యుద్ధమున పోరినవారిలో చివరివా డితడేయని, తనకు 117 ఏండ్లని లోకము నమ్మినది. అధ్యక్షుడు ఐసెన్‌హోవరు దేశమంతట సంతాపము ప్రకటించెను. 1991లో విలియం మార్వెల్ అను చరిత్రకారుడు పాత జనాభాలెక్కలు విప్పి చూడగా, యుద్ధము మొదలగు నాటికి ఈ యోధుడు అయిదాఱేండ్ల బాలుడని తేలినది. అతడు పింఛనుకు అర్జీ పెట్టినది 1932లో, దేశమంతయు పనులులేక ఆకలితో నున్న సంవత్సరమున. ఆ వృద్ధునిపై మాకు కోపము రాదు. కాని అప్పటికి ఎక్కడనో నిజముగా బ్రతికియుండిన వృద్ధసైనికు లెవ్వరో, వారి పేరు ఆ యూరేగింపుల సందడిలో వినబడక పోయినది.

లేని పతకములను చెప్పుకొనుట నేరమని అమెరికావారు 2006లో చట్టము చేసిరి. ఒట్టి అబద్ధమునకు శిక్ష వేయుట వాక్‌స్వాతంత్ర్యమునకు భంగమని వారి అత్యున్నతన్యాయస్థానము 2012లో దానిని కొట్టివేసినది. లాభము పొందుటకై ఆడిన అబద్ధమునకు మాత్రమే శిక్ష యని 2013లో మఱల చట్టము వచ్చినది. మనదేశమున సైనికుడనని నమ్మించుటకు సైనికుని దుస్తుగాని, గుఱుతుగాని ధరించినవానికి మూడునెలల కారాగారము విధింపవచ్చునని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పినది. 2024 జూలైనుండి అమలైన క్రొత్తస్మృతియు అదే చెప్పుచున్నది. మాటకు శిక్ష లేదు. ఉండనక్కఱ లేదని మేమును తలంతుము. బ్రాందీకొట్టులోని మాట కొట్టు మూయగానే చచ్చును.

కాగితముపై పడిన మాట వేఱు. స్వాతంత్ర్యము వచ్చి ఇరువదియైదేండ్లయిన సందర్భమున, 1972లో, కేంద్రప్రభుత్వము స్వాతంత్ర్యయోధులకు పింఛను ఏర్పఱచి, 1980లో నియమములను సడలించినది. చెఱసాలలో నుండినవారికేకాక అజ్ఞాతవాసము చేసినవారికిని, 1947-48లో నిజాముపై పోరుటకు హైదరాబాదు రాజ్యపు సరిహద్దులయందు నెలకొల్పిన శిబిరములలోని వారికిని క్రమముగా ఆ గౌరవము లభించినది. కృష్ణాజిల్లావారికి ఈ శిబిరముల మాట క్రొత్త కాదు. జిల్లా పడమటి సరిహద్దు దాటిన నిజాము రాజ్యమే. విజయవాడయో అటునుండి పరువెత్తి వచ్చినవారికి ఆశ్రయము.

చెఱసాలకు పోయినవానికి ప్రభుత్వపు రిజిస్టరే సాక్షి. శిబిరమున నుండినవానికి ఏది సాక్షి? రహస్యముగా జరిగిన పోరు. పేర్లు వ్రాసియుంచుట ప్రమాదము. రాత్రి నాకాపై దాడిచేసి తెల్లవాఱునప్పటికి ఇవతలకు వచ్చినవాడు రసీదు పుచ్చుకొని రాలేదు. అందుచే చెఱసాల ననుభవించిన ప్రసిద్ధయోధుడు వ్రాసియిచ్చిన ధ్రువపత్రమును ఒప్పుకొనుట విధి యయ్యెను. ద్వారము తెఱచినది నిజమైన వారి కొఱకే. దానిగుండ దూరినవారు వేఱు. పూర్వము నిజాము రాజ్యములోనిదైన మరాఠ్వాడాలోని బీడు జిల్లాలో అనర్హులనేకులు యోధులై పింఛను పుచ్చుకొనిరన్న వివాదము 2005లో అత్యున్నతన్యాయస్థానము వఱకు పోయినది. పోరునాటికి పసివాండ్రైనవారు యోధులమని దరఖాస్తు పెట్టిరన్న యారోపణములు తెలంగాణమునను వినబడినవి.

ఫలితమేమి? పరిశీలనము బిగిసినది. ఇంకొక ధ్రువపత్రము, ఇంకొక విచారణ, ఇంకొక సంవత్సరము. న్యాయస్థానములు మొదటినుండియు ఈ యపాయమును గుర్తించినవే. దరఖాస్తు ఆలస్యముగా వచ్చినదన్న కారణమున నిజమైన యోధుని త్రోసివేయరాదని 1993లో అత్యున్నతన్యాయస్థానము చెప్పినది. ఏబదియేండ్లనాటి సంగతికి క్రిమినలు కేసులో వలె సందేహాతీతమైన ఋజువు కోరరాదు, సంభావ్యత చాలునని 2001లో మరల చెప్పినది. తీర్పు న్యాయమైనదే. కాని దానిని అమలుపఱచు గుమాస్తా యెదుట దొంగకాగితముల కట్ట యున్నది. దొంగకాగితము ఎప్పుడును నిండుగా నుండును. తేదీ, ముద్ర, సంతకము, అన్నియు పొందికగా నమరును. నిజమైన వృద్ధునికి తేదీ గుర్తుండదు. ఏ నెలయని యడిగిన, వరి కోతల కాలమనును. నాయకుని పేరడిగిన, మేము అన్నా యని పిలిచెడివారమనును. అతని తడబాటే అతనిపై సాక్ష్యమగును.

ఈ పింఛను యోధుని యనంతరము భార్యకును వచ్చును. అందుచే ఈ కార్యాలయముల మెట్లు ఎక్కి దిగినవారిలో విధవలు పెక్కురు. వారు భర్త యొక్క కాగితమును వెదకిరి. తమదియు ఒకటి యుండవలెనని వారికి తోచనే లేదు. శిబిరములకు అన్నము వండి పంపినవారు, ఉత్తరములు కొంగున ముడివేసికొని సరిహద్దు దాటించినవారు, గాయపడినవానిని గాదెచాటున దాచి, వెదకవచ్చిన పోలీసులయెదుట పిల్లవానికి పాలిచ్చుచు కూర్చుండినవారు ఆ కాలమున ఊరూర నుండిరి. ఏ వారంటులోను వారి పేరు లేదు. వారికి ధ్రువపత్రము వ్రాసియిచ్చుటకు ఏ ప్రసిద్ధయోధునికిని వారి పేరు తెలియదు. ఎన్నడో మనుమరాలు అడిగిన, అందఱు చేసినదే గదా యనుదురు.